ఒకే రక్తం, రెండు అంకెలు

తిరుత్తణి,
2 సెప్టెంబరు 2024

చిరంజీవి యశశ్వినికి, మేనత్త మునెమ్మ ఆశీస్సులు.

శుక్రవారం మీ ల్యాబులో నా చేతినుంచి రక్తం తీసినచోట చిన్న కమిలిన మచ్చ పడింది. ఆదివారానికి పోయింది. ఇది ఫిర్యాదు కాదు. ఏదైనా ఉంటే తెలియజేయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

మీ మామ రోజూ లోకల్ రైలెక్కి తిరువళ్ళూరు ఆఫీసుకు వస్తున్నారు కదా, ఈ ఉత్తరం ఆయన చేత పంపే నీ టిఫిన్ సంచిలో అడుగున పెట్టాను. జవాబు ఖాళీ డబ్బాలో పెట్టి పంపు. ఫోన్ చేసి అడగరాదా అంటారాయన. ఫోనులో నువ్వు "అంతా బాగుండాది అత్తా" అని రెండు నిమిషాల్లో ముగిస్తావు. పైగా తమిళ బడిలో చదివిన నీకు ఎనిమిదో ఏట నేను కూర్చోబెట్టి నేర్పిన తెలుగు మరిచిపోకుండా ఉంటుంది.

ఇక అడగవలసినది. ఐదు మిల్లీలీటర్లు తీసుకున్నావు. దాన్ని ఏం చేశావు? సంతకం పెట్టించుకున్న కాగితం అరవంలోనూ ఇంగ్లీషులోనూ పూర్తిగా చదివాను. రిసెప్టర్, యాంటీబాడీ అన్న మాటలు పదకొండు చోట్ల ఉన్నాయి. వాటికి అర్థం ఒక్కచోటా లేదు. నా పుస్తకం సంగతి నీకు తెలుసు. ఏ డబ్బా ఏ తేదీన విప్పాను, ఎవరికి ఎప్పుడు జ్వరం, ఏ మాత్ర ఎన్నాళ్ళు, అన్నీ అందులో ఉంటాయి. ఆగస్టు ముప్పై ఎదురుగా "రక్తం ఇచ్చాను" అని మాత్రం రాసి, మిగతా గీత ఖాళీగా వదిలాను. అది నువ్వే నింపాలి.

మునెమ్మ


మణవాళనగర్, తిరువళ్ళూరు,
5 సెప్టెంబరు 2024

అత్తకు నమస్కారాలు.

పులిహోరలో వేరుశనగలు నాకు దక్కలేదు. మా ల్యాబ్ అటెండరు మునుస్వామి అన్న ఏరుకుని తిన్నాడు. తప్పులుంటే దిద్ది పంపు, తెలుగులో ఇంత పెద్ద ఉత్తరం రాసి చాలా రోజులైంది.

మన ఒంట్లో రెండు రకాల రక్షణ ఉంది. జబ్బు వచ్చి పోయాకో, టీకా వేసుకున్నాకో నేర్చుకునేది ఒకటి. ఎవరూ నేర్పకుండా పుట్టుకతోనే వచ్చేది రెండోది. ఈ రెండో పని చేసే తెల్లకణాల పైపొర మీద రిసెప్టర్లు ఉంటాయి. సూక్ష్మజీవి తగిలితే మొదట గుర్తుపట్టేవి అవే. వాటిలో నేను చూసేదాని పేరు టీఎల్ఆర్-2. అది మామూలు మైక్రోస్కోపుకు కూడా కనపడదు. అందుకే యాంటీబాడీ కావాలి. కణం మీద వేల వస్తువులున్నా, ఇది పోయి ఆ ఒక్క రిసెప్టర్‌నే పట్టుకుంటుంది. దానికి ముందే ఒక రంగు అతికించి పంపుతారు. కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతి ముందునుంచి పంపితే ఆ రంగు మెరుస్తుంది. మెరుపు ఎంత ఎక్కువైతే రిసెప్టర్లు అంత ఎక్కువ. ఆ మెరుపుకు యంత్రం ఒక అంకె ఇస్తుంది. నీ అంకె 812. ఖాళీ గీతలో అది రాసుకో.

యాంటీబాడీ అంటే మా దగ్గరున్నది ఒక్క చిన్న సీసా, అడుగున కాసింత ద్రవం. తెప్పించడానికి ఆరు వారాలు పట్టింది. ఫ్రిజ్‌లో ఉంచాలి, వెలుతురు తగలకూడదు, గడ్డకట్టకూడదు. గడ్డకడితే రంగు చెడిపోతుంది.

షుగరు వల్ల కాలి పుండు మానని వాళ్ళు ఇరవై నాలుగు మంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఇరవై నాలుగు మంది. రెండు గుంపుల్లోనూ ఈ రిసెప్టర్ ఎంతెంత ఉందో చూడడమే నా పీహెచ్‌డీ పని. మా గైడు దామోదరన్ సార్ ప్రతివారం ఇటు కొందరినీ అటు కొందరినీ కలిపి చెయ్యమన్నారు. కాని రోగులు ఇప్పుడు వార్డులో ఉన్నారు, ఆరోగ్యవంతులను పిలిస్తే దసరా పోయాక అంటున్నారు. అందుకని ముందు రోగులందరినీ ముగించేస్తాను. ఆరోగ్యవంతుల జాబితాకు షుగరు ఉండకూడదు, రోజూ మింగే మాత్రలు ఉండకూడదు, రెండు వారాల్లో జ్వరం వచ్చి ఉండకూడదు. నీది పోయినసారి తీసింది యంత్రాన్ని సరిచూసుకోవడానికే. నవంబరులో మళ్ళీ వస్తే జాబితాలో చేరుస్తాను.

మార్చితో నా ఫెలోషిప్ అయిపోతుంది. చేతిలో ఫలితం ఉంటేనే సార్ పొడిగింపు అడుగుతారు. అందుకే ఈ తొందర.

యశశ్విని


మణవాళనగర్,
16 అక్టోబరు 2024

అత్తకు,

ఆయుధపూజకు రాలేకపోయాను, కోపం వద్దు. మా ల్యాబులో కూడా బాగా చేశాము. గురువారం సాయంత్రం యంత్రాలన్నీ తుడిచి, చందనం, కుంకుమ పెట్టాము. మునుస్వామి అన్న ఆ లేజర్ యంత్రానికి మూడు విభూతి రేఖలు గీసి, "ఇది శివుడి మూడో కన్ను మాదిరే ఉండాది, దీనికి విభూతే సరి" అన్నాడు. దామోదరన్ సార్ కూడా నవ్వారు. ఏడాదంతా పనిచేసిన వాటికి విశ్రాంతి ఇవ్వాలి కదా అని ఫ్రిజ్‌ను కూడా ఖాళీ చేసి వైరు తీసేశాము. సామాను పక్క ల్యాబు వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టుకున్నాము. శుక్రవారం పూజ, శని ఆదివారాలు సెలవు, సోమవారం మళ్ళీ పని మొదలు.

రోగులు ఇరవై నాలుగు మంది పూజకు ముందే అయిపోయారు. వచ్చే వారం ఆరోగ్యవంతులు. వేరే విశేషాలు లేవు.

యశశ్విని


మణవాళనగర్,
22 నవంబరు 2024

అత్తా,

ఈ ఉత్తరం మామకు కూడా చదివి వినిపించు. నిన్నటితో ఇరవై నాలుగో ఆరోగ్యవంతుడు అయ్యాడు. కాలి పుండు మానని వాళ్ళ సగటు 830. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ సగటు 285. దాదాపు మూడింతలు. ఇంత తేడా ఎవరూ అనుకోలేదు. దామోదరన్ సార్ ఆ కాగితం పట్టుకుని వరండాలో రెండుసార్లు అటూ ఇటూ నడిచారు. డిసెంబరు పద్నాలుగున చెన్నైలో పరిశోధకుల సభ ఉంది, అక్కడ ఆయనే దీన్ని చెప్తారు. నా పేరు మొదట ఉంటుంది. మార్చి గురించి ఇక బెంగ లేదు.

నవంబరు నాలుగున వచ్చి రక్తం ఇచ్చినందుకు నీకు ఎంత చెప్పినా తక్కువే. నీ అంకె కూడా అడిగావు కదా. 274. మంచి ఆరోగ్యం.

యశశ్విని


తిరుత్తణి,
25 నవంబరు 2024

చిరంజీవి యశశ్వినికి,

నీ ఉత్తరం మీ మామకు రెండుసార్లు చదివాను. ఆయన ఆఫీసులో నలుగురికి చెప్పారట. అరంబాక్కంలో మీ నాన్నకు ఫోన్ చేసి చెప్పింది కూడా ఆయనే.

నీ అంకెను పుస్తకంలో రాయబోయాను. ఆగస్టు ముప్పై ఎదురుగా 812 అని ఉంది. నవంబరు నాలుగు ఎదురుగా 274 రాయాలి. చెయ్యి అక్కడ ఆగింది. రెండూ నా రక్తమే. ఆ రెండు తేదీల మధ్య పుటలన్నీ తిరగేశాను. జ్వరం లేదు, మాత్ర లేదు, మార్పేమీ లేదు. నేను మారకపోతే మారింది నీ వైపున.

ఇంకొకటి. నీ రోగులందరూ పూజకు ముందు. నీ ఆరోగ్యవంతులందరూ పూజ తర్వాత. నా 812 ముందు, నా 274 తర్వాత. పూజకు ముందు నేను నీ రోగులతో సమానంగా ఉన్నాను, తర్వాత ఆరోగ్యవంతులతో సమానంగా ఉన్నాను.

ఆయుధపూజ నాడు మన ఇళ్ళల్లో ఏ వస్తువూ ఉన్నచోట ఉండదు. నేనూ ఫ్రిజ్ తుడిచి సామానంతా పక్కింటి జ్యోతిక వాళ్ళింట్లో పెడతాను. పోయినేడు ఆమె నా పెరుగు గిన్నెను పైఅరలో పెట్టి గడ్డకట్టించింది. కరిగాక చూస్తే నీళ్ళు వేరు, పెరుగు వేరు.

ఆ నాలుగు రోజులు నీ సీసా ఎక్కడ ఉంది?

మునెమ్మ


మణవాళనగర్,
27 నవంబరు 2024

అత్తకు,

మనుషుల అంకెలు ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండవు. నిద్ర, తిండి, ఒంట్లో వేడి, అన్నిటికీ మారతాయి. నీ ఒక్కదానిదే చూసి నలభై ఎనిమిది మంది అంకెలూ తప్పు అనలేము. ఇది పెరుగు గిన్నె కాదు. నాలుగేళ్ళుగా నేను చేస్తున్న పని. నీకు మంచి ఉద్దేశమే, నాకు తెలుసు. కాని సభకు పదిహేడు రోజులే ఉన్నాయి, నన్ను ఇప్పుడు కలవరపెట్టవద్దు.

డబ్బా కడిగి పంపుతున్నాను.

యశశ్విని


తిరుత్తణి,
29 నవంబరు 2024

యశశ్వినికి,

కోప్పడ్డావు, పడవచ్చు. కాని ఇంత కోపంలోనూ నేను అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు రాయలేదు.

నేను చదివింది పదో తరగతి. నీ రిసెప్టర్ గురించి నాకు నువ్వు చెప్పినంతే తెలుసు. కాని కొత్త పప్పు ఉడకనప్పుడు ఏం చెయ్యాలో తెలుసు. పాత పప్పు పిడికెడు ఎప్పుడూ మిగుల్చుకుంటాను. రెండూ ఒకే నీళ్ళలో, ఒకే మంట మీద పెడతాను. పాతది ఉడికి కొత్తది ఉడక్కపోతే తప్పు పప్పుది. రెండూ ఉడక్కపోతే నీళ్ళది. ఇందులో తగవు పెట్టుకోవడానికి ఏమీ లేదు, పొయ్యి మీద పెట్టి చూడడమే.

నీ దగ్గరున్న రకం యాంటీబాడీనే, ఎప్పుడూ గడ్డకట్టనిది, ఎవరి దగ్గరైనా కొంచెం అడిగి తెప్పించు. సోమవారం మీ మామతో పాటు వస్తాను. నా రక్తం తియ్యి. సగానికి ఆ సీసా, సగానికి ఈ సీసా. రెండు అంకెలూ ఒకటే అయితే నేను పెరుగు గిన్నె మాట తెచ్చినందుకు నీ ముందు తప్పు ఒప్పుకుని వెళ్ళిపోతాను. కాకపోతే పద్నాలుగో తేదీ లోపల నీ సార్‌కు తెలియాలి. ఆయన నలుగురిలో నిలబడి చెప్పాక తెలిస్తే, మార్చి ఒక్కటే కాదు పోయేది.

మునెమ్మ


మణవాళనగర్,
4 డిసెంబరు 2024

అత్తా,

సోమవారం నువ్వు రైలెక్కాక యంత్రం అంకెలు ఇచ్చింది. చెన్నైలో స్నేహితురాలి ల్యాబు నుంచి తెచ్చిన కొత్త సీసాతో 806. మా సీసాతో 268. ఒకే చేతి రక్తం, ఒకే ఉదయం.

నువ్వు అడిగినదానికి ఇప్పుడు రాస్తున్నాను. గురువారం సాయంత్రం పక్క ల్యాబు ఫ్రిజ్‌లో కింది అరలన్నీ నిండిపోయాయి. అందరూ పూలు కట్టడానికి పిలుస్తున్నారు. పది నిమిషాలే కదా అని సీసా ఉన్న డబ్బాను పైన, ఐసు గడ్డకట్టే అరలో పెట్టాను. మరిచిపోయాను. సోమవారం తీస్తే గడ్డ అయి ఉంది. చేతిలో పెట్టుకుని కరిగించాను. తేటగా, ఎప్పటిలాగే ఉంది. ఒక రోగి రక్తం కొంచెం మిగిలి ఉంటే దానితో చూశాను, మెరిసింది. తక్కువగా మెరిసింది, కాని మెరిసింది. పాత రక్తం కదా అందుకే అనుకున్నాను. కొత్త సీసాకు ఆరు వారాలు, అప్పటికి ఎవరినీ పిలవడం కుదరదు, మార్చి వచ్చేస్తుంది. ఎవరికీ చెప్పలేదు. మూడింతల తేడా వచ్చినప్పుడు ఆ సంగతి నాకు గుర్తుకు రాకపోలేదు. గుర్తుకు వచ్చినా సంతోషంగానే ఉన్నాను. అది ఎలా సాధ్యమో నాకే తెలియదు.

నిన్న సార్‌కు రెండు అంకెలూ చూపించాను. పూజకు ల్యాబు శుభ్రం చేసేటప్పుడు సీసా గడ్డకట్టి ఉంటుందని చెప్పాను. ఆయన మునుస్వామి అన్నను పిలిచి తిట్టారు. ఫ్రిజ్ ఖాళీ చేసింది అతనే అనుకున్నారు. జనవరి ఒకటి నుంచి వేరే మనిషిని పంపమని కాంట్రాక్టరుకు ఫోన్ చేశారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

యశశ్విని


తిరుత్తణి,
5 డిసెంబరు 2024

యశశ్వినికి,

ముందు మునుస్వామితో చెప్పు. తర్వాత సార్‌తో చెప్పు. వరస మార్చవద్దు. రేపు శుక్రవారం, అది దాటనివ్వవద్దు.

ఉద్యోగం, చదువు ఉంటే మంచిది, లేకపోతే ఇక్కడ ఇల్లుంది, నేనున్నాను. ఆ లెక్క నేను చూసుకుంటాను.

మునెమ్మ


మణవాళనగర్,
16 డిసెంబరు 2024

అత్తకు నమస్కారాలు.

పది రోజులు రాయలేదు. మామ రోజూ ఖాళీ డబ్బా తీసుకుని ఏమీ అడగకుండా వెళ్ళారు. ఆయనకు నువ్వేం చెప్పావో గాని, అడగకపోవడమే మేలు చేసింది.

ఆ శుక్రవారం పొద్దున్నే పోయాను. మునుస్వామి అన్న మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. పక్కన కూర్చుని, ఆ డబ్బాను పైఅరలో పెట్టింది నేనే అని చెప్పాను. అతను గ్లాసు కింద పెట్టలేదు.

"నాకు తెలుసును పాపా. నువ్వు పెట్టేది చూస్తిని. సదువుకున్న బిడ్డ, ఏదో కారణం ఉంటాదని ఊరకుంటి."

సార్ తిట్టినప్పుడు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు ఆడనే నిలబడుండావు కదా. నువ్వే చెప్తావని చూస్తా ఉంటి. మూడు దినాలు చూస్తి. ఈ పొద్దు కూడా చెప్పకుంటే సాయంత్రం నేనే చెప్పేసుందును. నాకూ ఇద్దరు బిడ్డలుండారు."

తర్వాత ఇద్దరం కలిసి సార్ గదికి పోయాము. నేను చెప్పడం అయ్యాక ఆయన ముందు కాంట్రాక్టరుకు ఫోన్ చేసి మనిషిని మార్చవద్దన్నారు. మునుస్వామి అన్న వైపు తిరిగి, తొందరపడ్డాను అన్నారు. అతను సరి సార్ అని పనికి పోయాడు. అప్పుడు నాతో అన్నారు: "సీసా గడ్డకట్టడం ఎవరికైనా జరుగుతుంది. నాకూ జరిగింది. పూజ అయిన సోమవారం పొద్దునే నువ్వు నా గదికి వచ్చుంటే, అది ఐదు నిమిషాల మాట."

నేను వెళ్ళిపోవాలేమో అనుకుని నిలబడ్డాను. ఆయన చెన్నై సభ కాగితం తీసి, మాట్లాడేవారి గడిలో తన పేరు కొట్టేసి నా పేరు రాశారు.

శనివారం చెప్పాను. పది నిమిషాలు. మొదట మూడింతల తేడా ఉన్న గ్రాఫు చూపించాను, గదిలో కొందరు ముందుకు వంగారు. తర్వాత నీ రెండు అంకెలు చూపించాను. తేడా మనుషుల్లో లేదు, సీసాలో ఉంది, సీసాను పాడుచేసింది నేను అన్నాను. చివర ఒక పెద్దావిడ లేచి, రోజూ ఒకే మనిషి రక్తాన్ని పక్కన పెట్టి ఎందుకు సరిచూసుకోలేదని అడిగారు. చెయ్యాల్సింది, చెయ్యలేదు, ఇకమీద చేస్తాను అన్నాను. ఆమె కూర్చున్నారు.

ఇప్పుడు మొత్తం మళ్ళీ. కొత్త సీసా ఫిబ్రవరిలో వస్తుంది. ఆ ఆర్డరు మీద బాధ్యురాలిగా సార్ నా పేరే రాశారు. మార్చి గురించి ఆయన ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. ఈసారి రోగులూ ఆరోగ్యవంతులూ ప్రతివారం కలిసే వస్తారు. పాత ఆరోగ్యవంతులు ఇరవై నాలుగు మందికీ ఫోన్ చేస్తున్నాను. పోయినసారి ఇచ్చింది ఏమైంది అని అందరూ అడుగుతున్నారు. పాడుచేశాను అని చెప్తున్నాను. పదిహేడు మంది వస్తామన్నారు. నిన్ను అడగకుండానే నీ పేరు పద్దెనిమిదోది వేశాను.

యశశ్విని


తిరుత్తణి,
18 డిసెంబరు 2024

చిరంజీవి యశశ్వినికి, మేనత్త ఆశీస్సులు.

నువ్వు మంచి పని చేశావు. మీ నాన్నకు కూడా నేనే చెప్పాను, మూడింతల సంగతి చెప్పినంత గట్టిగానే.

పద్దెనిమిదో పేరు కొట్టెయ్యి.

నవంబరు ఇరవై ఐదున నీకు రాసిన ఉత్తరంలో, ఆ రెండు తేదీల మధ్య నా పుస్తకంలో మార్పేమీ లేదని రాశాను. పుస్తకంలో లేదన్నది నిజమే. అక్టోబరు ఇరవై ఆరున మా వీధి కల్యాణమండపంలో వైద్య శిబిరం పెట్టారు. పరగడుపున చూస్తే షుగరు 148. ఆసుపత్రిలో మళ్ళీ చూపించుకోమన్నారు. నేను పోలేదు. పుస్తకంలో రాయలేదు. మీ మామకు చెప్పలేదు. తొమ్మిది రోజుల తర్వాత నీ బల్ల ముందు కూర్చుని, షుగరు ఉందా అన్న గడిలో లేదు అని టిక్కు పెట్టాను. నీ పని పాడవుతుందన్న ఆలోచనే రాలేదు. ఉంది అని పెడితే ఉన్నట్టవుతుంది అన్నది ఒక్కటే తట్టింది. ఇంట్లో అందరి జబ్బులూ రాసేది నేను. నాది నేను రాసుకోవలసి వస్తుందని అనుకోలేదు.

నిన్ను సీసా ఎక్కడ పెట్టావని నిలదీసినప్పుడు కూడా ఈ సంగతి నేను దాచుకునే ఉన్నాను.

ఈ ఉదయం ఆసుపత్రికి పోయి మళ్ళీ చూపించుకున్నాను. 152. రెండు అంకెలూ వాటి తేదీలతో పుస్తకంలో రాశాను. మీ మామకు చెప్పాను. "నీకుంటే నాకు రెణ్ణెల్లుగా జిలేబీ ఎందుకు మాన్పిస్తివే" అన్నారు. కాసేపటికి మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో అడిగి, చీటీ తన జేబులో పెట్టుకున్నారు.

రెండు సీసాల పరీక్షకు దీనివల్ల లోటు లేదు. అది ఒకే రక్తంతో చేసింది, ఎవరిదైతేనేం. కాని ఆరోగ్యవంతుల జాబితాలో నేను ఉండరాదు. కాలి పుండు లేదు కాబట్టి నీ రోగుల జాబితాలోకీ రాను. నా బదులు జ్యోతిక వస్తానంది. ఆమె షుగరు కాగితం ముందు చూసి, తర్వాతే సూది తియ్యి. మొహమాటపడవద్దు, నా దగ్గర పడ్డావు చాలు.

సోమవారం మీ మామా నేనూ వస్తున్నాము. నవంబరు నాలుగున నేను సంతకం పెట్టిన ఫారం తీసి పెట్టు. దాన్ని చించవద్దు, కొత్తది నింపవద్దు. ఆ టిక్కు మీద ఒక్క అడ్డగీత కొట్టి, పక్కన ఉంది అని రాసి, తేదీ వేసి నేను సంతకం పెడతాను. గీత కింద ఆ పాత టిక్కు కూడా కనపడాలి.

మునెమ్మ